ఎడమకాలికి సెలవు... విశాఖ రోడ్ల మీద!

విశాఖపట్నంలో కారు నడపడమంటే ఒక ఊళ్లో నడపడం కాదు, నాలుగు ఊళ్లలో నడపడం! ఒకవైపు ఉక్కునగరం... షిఫ్టు మారే వేళకి రోడ్డు నిండా బస్సులూ బైకులూ. ఇంకోవైపు పోర్టు... బొగ్గూ ఎరువులూ కంటైనర్లూ మోసుకెళ్లే లారీలు. మూడోది తీరం... సముద్రాన్ని ఆనుకుని భీమిలి దాకా సాగే రోడ్డు. నాలుగోది కొండలు... ఊరి నడుమా కొండే, ఊరి చివరా కొండే. ఈ నాలుగింటిలో ఒకచోట బ్రహ్మాండంగా నడిచిన బండి ఇంకోచోట నీరసపడొచ్చు. అందుకే షోరూమ్ చుట్టూ నాలుగు కిలోమీటర్లు తిప్పి చూపించే టెస్ట్ డ్రైవ్‌తో ఇక్కడ ఏ కారు సంగతీ తేలదు. అందులోనూ ‘ఆటోమేటిక్’ సంగతి అస్సలు తేలదు.

ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా వినపడుతున్న మాట ‘ప్రీమియం హ్యాచ్‌బ్యాక్’. పొడవు నాలుగు మీటర్ల లోపే. డిక్కీ విడిగా బయటికి పొడుచుకు రాదు. కానీ సీట్లు విశాలంగా ఉంటాయి, ఏసీ దగ్గర్నుంచి తెర దాకా హంగులన్నీ పెద్ద కారులోవే. బాలెనో, గ్లాంజా, ఐ20, ఆల్ట్రోజ్... ఇవన్నీ ఆ కోవలోవే. ఒకప్పుడు మనసు దోచిన పోలో 2022లో, జాజ్ 2023లో మన మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. ఉన్నవాటిలో ప్రతిదానికీ ఇప్పుడు క్లచ్ లేని రకం ఒకటుంది. సమస్యల్లా ఒక్కటే... దానికోసం ఇంకో అరలక్షో లక్షో ఎక్కువ పెట్టడం దండగా, పండగా?

మా బావగారికి ఆ ప్రశ్న చాలా అవసరమైంది. ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన మనిషి. కూర్మన్నపాలెం దగ్గర సొంతిల్లు. ఎడమ మోకాలు అరిగింది. ‘క్లచ్ తొక్కడం తగ్గించండి. లేదంటే డ్రైవింగే మానుకోండి’ అన్నారు డాక్టరు. మానుకుంటే? సింహాద్రి అప్పన్న దర్శనానికీ, భీమిలిలో ఉన్న చెల్లెలింటికీ, ఆఖరికి ఆ డాక్టరు దగ్గరికీ ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. పిల్లలిద్దరూ ఊళ్లో లేరు. ‘మోకాలు పోతే పోయింది, తాళంచెవి పోకూడదు బాబూ’ అన్నారాయన నాతో. నిజమే మరి. ఆ వయసులో కారు తాళంచెవి అంటే ఎవర్నీ అడగక్కర్లేకుండా గడప దాటడం.

అందుకే రెండ్రోజులకి ఒక ఆటోమేటిక్ ప్రీమియం హ్యాచ్‌బ్యాక్ అద్దెకి తీసుకున్నాం. కంపెనీ పేరెందుకులెండి, మేం చూడదలచుకున్నది గేర్‌బాక్స్‌ని, బ్యాడ్జీని కాదు. బావగారూ, అక్కా, నేనూ. నాలుగు విశాఖలూ తిరిగి లెక్క తేల్చుకోవాలన్నది ప్లాను.

క్లచ్ పోయింది... ఎక్కడికి?

బయల్దేరేముందు ఒక్క ముక్క. ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటి కావు. పైకి అన్నింటిలోనూ రెండే పెడళ్లు... బ్రేకూ, యాక్సిలరేటరూ. లోపల మాత్రం యంత్రాలు వేరు.

మొదటిది ఏఎంటీ. మన మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. కాకపోతే క్లచ్ తొక్కి గేరు మార్చే పని మన బదులు ఒక యంత్రం చేస్తుంది. 2014లో మారుతీ సెలేరియోతో మన దేశంలో జనానికి దగ్గరైందిది. ధర తక్కువ, మైలేజీ బాగుంటుంది. గేరు మారినప్పుడల్లా తల చిన్నగా ఊగుతుంది. బాలెనో, గ్లాంజాల్లో ఉన్నది ఇదే.

రెండోది సీవీటీ. ఇందులో గేర్లే ఉండవు. రెండు కప్పీలు, మధ్యలో ఒక ఉక్కు బెల్టు. కప్పీల వెడల్పు మారుతుంటే వేగం మెత్తగా మారిపోతుంది. ఇది చెప్పగానే బావగారి మొహం వెలిగింది. ‘ఇంకేం, మా కన్వేయర్ బెల్టుకి తమ్ముడన్నమాట’ అన్నారు. 1.2 లీటర్ల ఐ20లో ఉన్నది ఈ రకం. మేం అద్దెకి తీసుకున్న బండిలోనూ ఇదే.

మూడోది డీసీటీ. రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి బేసి గేర్లకి, ఇంకోటి సరి గేర్లకి. ఒక గేరులో వెళ్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది కాబట్టి కన్ను మూసి తెరిచేలోపు మారుతుంది. పికప్ కావాలనేవాళ్లకి ఇదే ముద్దు. కానీ క్లచ్‌లు పొడిగా ఉండే రకాన్ని ట్రాఫిక్‌లో గంటల తరబడి పాకిస్తే వేడెక్కే గుణముంది. నూనెలో మునిగి చల్లబడే రకం ఆ విషయంలో నయం. 2022లో ఆల్ట్రోజ్‌లో వచ్చింది నూనె రకమే. 2025లో ఆ కారుకే ఏఎంటీ కూడా తోడైంది.

ఉక్కు గేటు నుంచి...

పొద్దున్నే కూర్మన్నపాలెం కూడలి. ఎదురుగా స్టీల్‌ప్లాంటు ఆర్చి. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో రాష్ట్రమంతా ఊగిపోయింది. 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. సముద్రతీరాన కట్టిన మన దేశపు తొలి సమగ్ర ఉక్కు కర్మాగారం ఇదే. లోపల మూడు బ్లాస్ట్ ఫర్నేసులు... వాటి పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. 2021లో ప్రైవేటీకరణ మాట వచ్చినప్పుడు ఈ ఆర్చి దగ్గరే మళ్లీ టెంట్లు లేచాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది.

‘ఇంత ఉక్కు చేస్తారు కదా, ఈ కారులో మీ ఉక్కు ఎంతుంది బావగారూ?’ అనడిగాను. నవ్వారాయన. ‘పై రేకులో ఒక్క గ్రాము కూడా ఉండదు. మేం చేసేది కడ్డీలు, వైర్‌రాడ్లు, యాంగిళ్లు. కారు బాడీకి కావాల్సిన పల్చటి రేకు మా దగ్గర తయారవదు. నువ్వు పార్క్ చేసే అపార్ట్‌మెంటు పిల్లర్లో మాత్రం తప్పకుండా ఉంటాం!’

గాజువాక దాకా బండి పాకుతూనే ఉంది. ఆటోలు, ఉద్యోగుల బస్సులు, స్కూలు వ్యాన్లు... పది అడుగులు కదలడం, ఆగడం. ఇక్కడే ఆటోమేటిక్ తన మొదటి మార్కులు కొట్టేసింది. బ్రేకు మీంచి కాలు తీస్తే బండి తనంతట తానే మెల్లగా కదులుతుంది. తొక్కితే ఆగుతుంది. అంతే! మామూలు కారైతే ఈ దూరానికి ఎడమకాలు ఎన్నిసార్లు లేచి పడేదో. బావగారు ఎడమకాలు చాపుకుని కూర్చుని, సగం దారిలో ‘ఒరేయ్, మోకాలు మాట్లాడ్డం లేదు’ అన్నారు. ఆ ఒక్కమాటకి లక్ష రూపాయలూ తీరిపోయినట్టే అనిపించింది. కానీ దారి ఇంకా చాలా ఉంది.

ఇక్కడో జాగ్రత్త. ఏళ్ల తరబడి క్లచ్ తొక్కిన ఎడమకాలు ఊరికే ఉండదు. ఆపాల్సి వచ్చినప్పుడు అలవాటుగా కిందికి దిగుతుంది. అక్కడ క్లచ్ ఉండదు, తగిలేది వెడల్పాటి బ్రేకు! బండి చటుక్కున ఆగి, వెనకవాడు వచ్చి గుద్దే ప్రమాదముంది. మొదటి వారమంతా ఎడమకాలిని మడమ వెనక్కి లాగి పెట్టుకోవడమే మందు. రెండు పెడళ్లనీ కుడికాలితోనే తొక్కాలి.

యారాడ ఎక్కితే తెలిసింది

గాజువాక నుంచి నగరంలోకి రెండు దారులు. ఒకటి హైవే మీదుగా ఎన్ఏడీ కొత్తరోడ్డు వైపు. ఇంకోటి మల్కాపురం, సింధియా మీదుగా పోర్టు వైపు. మేం రెండోది పట్టాం. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై ఇప్పుడు హెచ్‌పీసీఎల్‌ది అయిన రిఫైనరీ ఈ దారిలోదే. ‘సింధియా’ అన్న పేరు ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. 1941లో ఇక్కడ నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది వేసింది సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. స్వతంత్ర భారతంలో తయారైన మొదటి పెద్ద ఓడ ‘జల ఉష’ని 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించింది ఇక్కడే. ఆ షిప్‌యార్డే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డు.

సింధియా దగ్గర బావగారి పాత మిత్రుడొకాయన తన కారుతో కలిశారు. ఆయనది ఏఎంటీ. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి యారాడ వెళ్లే రోడ్డు మీద రెండింటినీ పోల్చి చూడాలని మా ఆశ. రోడ్డు ఇరుకు, మలుపులు నిటారు, అవతల నీలంగా సముద్రం. చూపు అటే పోతుంది, పోనివ్వకూడదు.

మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. ఏఎంటీ బండి ఎత్తు మీద ఆగింది. మళ్లీ కదిలేటప్పుడు వెనక్కి ఓ జానెడు జారి, ఒక్క ఉదుటున ముందుకు దూకింది. వెనక సీట్లో అక్క ‘ఓలమ్మో!’ అంది. మిత్రుడు తాపీగా చెప్పారు. ‘నా బండిలో హిల్ హోల్డ్ లేదమ్మా. ఉన్నవాటిలో బ్రేకు మీంచి కాలు తీశాక రెండు సెకన్లు బండిని పట్టి ఉంచుతుంది. లేనివాళ్లు హ్యాండ్‌బ్రేక్ వేసుకుని, యాక్సిలరేటర్ కాస్త ఇచ్చి, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ వదలాలి. మామూలు కారులో చేసేదే కదా.’

ఇంకోమాటా చెప్పారు. ఎత్తు మీద ఆగినప్పుడు బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం చాలామందికి సరదా. ఏఎంటీలో అది లోపలి క్లచ్‌ని కాల్చడమే. మనం తొక్కకపోయినా క్లచ్ ఉంది, అది అరుగుతుంది! డీసీటీకీ అదే వర్తిస్తుంది.

తిరుగుదారిలో మా సీవీటీతో అదే ఎత్తు ఎక్కి చూశాం. ఊపుల్లేవు, దూకుళ్లు లేవు. కానీ ఇంజిను గోల మాత్రం ఎక్కువే. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ముందు అరుపు వస్తుంది, ఆ తర్వాత తాపీగా వేగం వస్తుంది. సీవీటీకి ఉన్న పెద్ద పేరు ఇదే. రబ్బరు లాగి వదిలినట్టుంటుందని కార్ల వాళ్లు అంటుంటారు. బావగారైతే ‘అరవడమెక్కువ, లాగడం తక్కువ’ అని తేల్చేశారు.

లారీల మధ్య లెక్క

పోర్టు రోడ్డు మీద ఆ మాట ఇంకా బాగా అర్థమైంది. 1933లో మొదలైన పోర్టు ఇది. డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చి తుపాను కెరటాలకి అడ్డు నిలవడమే ఈ రేవుకి పెట్టని కోట. 1960 దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి కొండల్ని తొలిచి రైలుమార్గం వేశారు. ఆ ఖనిజమంతా దిగింది ఈ రేవుకే.

అంత సరుకు కదిలేచోట లారీలకి కొదవేముంటుంది? ముందు ట్రైలరు, వెనక ట్యాంకరు. ఒకదాన్ని దాటాలంటే చిటికెలో పికప్ కావాలి. మామూలు కారులో గేరు దించి ఒక్కసారి లాగించేస్తాం. ఇక్కడ సీవీటీ ఓ క్షణం ఆలోచిస్తుంది. ఏఎంటీ అయితే గేరు దించేటప్పుడు ఊపిరి బిగబట్టినట్టు ఆగి, అప్పుడు కదులుతుంది. ఆ క్షణం ఇంట్లో కూర్చుంటే చిన్నదే... ఎదురుగా లారీ వస్తుంటే చాలా పెద్దది. ఉపాయం ఏమిటంటే, దాటాలనుకున్నప్పుడు ముందే స్పోర్ట్ మోడ్‌లోకో మాన్యువల్ మోడ్‌లోకో మార్చుకోవడం. ఎదర రోడ్డు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగడం ఇంకా మంచి ఉపాయం. ఈ ఒక్క పరీక్షలో డీసీటీకి, అందులోనూ టర్బో ఇంజిను తోడైనదానికి, తిరుగులేదు.

పోర్టు ధూళి గురించి పాతనగరం వాళ్లనడిగితే కథలు కథలుగా చెబుతారు. పొద్దున తుడిచిన కారు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. దానికి ఉప్పుగాలి తోడు. ఇది ఆటోమేటిక్కి ప్రత్యేకమైన జబ్బు కాదు గానీ, విశాఖలో కారు కొనేవాళ్లందరికీ ఖర్చే. ఏసీ ఫిల్టరు తరచూ చూసుకోవాలి. బండి అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగించాలి. ఉక్కు పుట్టే ఊళ్లోనే ఉక్కుకి తుప్పు తొందరగా పడుతుంది, అదీ సంగతి!

అక్క చేతికి స్టీరింగ్

ఆర్కే బీచ్‌లో ఆగి కాఫీ తాగాం. 2002లో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి ముందు ఎప్పటిలాగే జనం. అక్కడ అనుకోనిది జరిగింది. ‘నేను నడపనా?’ అంది అక్క.

అక్కకి లైసెన్సుంది. పదిహేనేళ్ల క్రితం డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుంది. ఓసారి ఎత్తు మీద సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయి, వెనక హారన్లు మోగేసరికి చేతులాడలేదు. ఆ హాఫ్ క్లచ్ భయంతో మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు. బావగారు నా మొహం చూశారు. ‘క్లచ్ లేదుగా, భయమెందుకు?’ అన్నాను.

జోడుగుళ్లపాలెం దాటి, సాగర్‌నగర్ మీదుగా రుషికొండ. ఆ పైన తొట్లకొండ... రెండువేల ఏళ్లనాటి బౌద్ధారామం శిథిలాలు కొండ మీద నుంచి సముద్రాన్ని చూస్తుంటాయి. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. కుడివైపు కెరటాలు, ఎడమవైపు కొండలు. అక్క నలభై దాటకుండా నడిపింది. ముందు పదినిమిషాలు భుజాలు బిగుసుకుని, తర్వాత మామూలుగా. రుషికొండ దగ్గర మిట్ట మీద బండి ఆపాల్సి వచ్చింది. మళ్లీ కదిలించింది. ఏమీ కాలేదు! భీమిలిలో ఆడపడుచు ఇంటిముందు బండి ఆపి, లీవర్ ‘పి’లోకి తోసి, తాళంచెవి బావగారికివ్వకుండా సంచిలో వేసుకుంది.

ఆటోమేటిక్ లాభనష్టాల పట్టికలో ఈ వరుస ఎక్కడా కనపడదు. ఇంట్లో ఒక్కరే డ్రైవరుండే చోట ఇద్దరవుతారు. మోకాలు నొప్పున్న మనిషి జ్వరంతో పడుకుంటే ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి పక్కనే ఉంటుంది. దానికి వెల కట్టడం కష్టం.

తిరుగు ప్రయాణం మధురవాడ, హనుమంతవాక, ఎన్ఏడీ మీదుగా, సరిగ్గా సాయంత్రం రద్దీ వేళకి. ట్రాఫిక్‌లో మైలేజీ మీటరు లీటరుకి పదీ పదకొండు మధ్య ఆడింది. బీచ్ రోడ్డు మీద పదహారు దాటింది. ‘ఆటోమేటిక్ అంటే పెట్రోలు తాగేస్తుంది’ అన్నది పాతమాట. బాలెనోనే తీసుకోండి. కంపెనీ లెక్క ప్రకారం మాన్యువల్‌కి లీటరుకి 22.35 కిలోమీటర్లు, ఏఎంటీకి 22.94. రోడ్డు మీద అంత రాదు, ఎవరికీ రాదు. కానీ తేడా మాత్రం భయపడేంత లేదు. సీవీటీ, డీసీటీలు ఊరి ట్రాఫిక్‌లో కాస్త ఎక్కువ తాగుతాయి, అది ఒప్పుకోవాలి.

అప్పన్న కొండ, అరకు ఘాటు

రెండోరోజు తెల్లవారుజామునే సింహాచలం. ఘాట్‌రోడ్డు చక్కగా ఉంటుంది, ఎక్కడం ఏ బండికీ కష్టం కాదు. పరీక్షంతా పైన పార్కింగ్‌లో. వాలు మీద బండి ఆపి, చాలామంది నేరుగా ‘పి’లో పెట్టేసి దిగిపోతారు. అలా చేస్తే బండి బరువంతా గేర్‌బాక్స్‌లోని చిన్న కొక్కెం మీద పడుతుంది. తీసేటప్పుడు ‘ఠప్’మని శబ్దం వస్తుంది. బ్రేకు తొక్కి ఉంచి ముందు హ్యాండ్‌బ్రేక్ వేయాలి, తర్వాతే ‘పి’. ఏఎంటీల్లో చాలావాటికి ‘పి’ అన్నదే ఉండదు. వాటిని గేరులో ఉంచి ఆపి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగాలి. చందనోత్సవం, గిరిప్రదక్షిణ రోజుల్లో అయితే అసలు సొంతబండి తేకపోవడమే పుణ్యం.

అక్కడి నుంచి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట. ఊళ్లు దాటాక బొడ్డవర దగ్గర కొండలు మొదలు. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. సముద్రమట్టం నుంచి దాదాపు 900 మీటర్ల ఎత్తుకి ఎక్కాలి. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు. మనకి పక్కగా ఎక్కడో కొండ కడుపులోంచి రైలు కూత. కొత్తవలస - కిరండూల్ మార్గంలో 58 సొరంగాలున్నాయి మరి! బొర్రా గుహల దగ్గర గోస్తనీ నది కనిపించింది. నిన్న భీమిలిలో సముద్రంలో కలుస్తుంటే చూసింది ఈ నీటినే.

ఎక్కేటప్పుడు సీవీటీ అరిచింది గానీ మొరాయించలేదు. 1.2 లీటర్ల ఇంజిను, ముగ్గురు మనుషులు, ఏసీ... ఇంతకన్నా ఆశించకూడదు. అయిదుగురు ఎక్కి డిక్కీ నింపితే మాత్రం ఏసీ ఓసారి కట్టేయాలనిపిస్తుంది. అసలు పరీక్ష దిగేటప్పుడు!

మామూలు కారులో ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో వేస్తే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్‌ని ‘డి’లోనే వదిలేస్తే ఆ పట్టు తక్కువ. బండి జారిపోతుంటే మాటిమాటికీ బ్రేకు తొక్కుతాం. మలుపు తర్వాత మలుపు అలా తొక్కితే బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, పట్టు సడలుతుంది. అద్దె బండి కదా అని మేం రెండు మలుపులు అలాగే దిగి చూశాం, మూడో మలుపుకే తేడా తెలిసింది. అప్పుడు లీవరును మాన్యువల్ మోడ్‌లోకి తెచ్చి కింది గేరు ఎంచుకున్నాం. గేర్లే లేని సీవీటీ కూడా ఇలాంటప్పుడు గేర్లున్నట్టే నటిస్తుంది. బండి బుద్ధిగా దిగింది. కొన్ని కార్లలో ఇదే పనికి ‘ఎల్’ ఉంటుంది. కొనేముందు అది ఉందో లేదో, ఎలా వాడాలో షోరూమ్‌లోనే అడిగి తెలుసుకోండి. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగడం... ఏ కారులోనూ వద్దు, ఆటోమేటిక్‌లో అసలే వద్దు.

అరకులో బొంగు చికెన్ తింటుంటే పక్కన టూరిస్టు బండ్ల డ్రైవర్లు కలిశారు. ఒకతను మా కారు చుట్టూ తిరిగి చూసి, ‘బాగానే ఉన్నాది గానండీ, బ్యాటరీ దిగిపోతే ఏటి చేస్తారు? తోసి స్టార్ట్ చేయలేరు కదా’ అన్నాడు. నిజం! మామూలు కారైతే నలుగురు చెయ్యేసి తోసి, రెండో గేరులో వదిలితే ఇంజిను లేస్తుంది. ఆటోమేటిక్‌కి ఆ భాగ్యం లేదు. చెడిపోతే తాడు కట్టి లాక్కెళ్లడమూ ప్రమాదమే. సీవీటీ, డీసీటీ బండ్లని ముందు చక్రాలు నేలకి తగలకుండా రికవరీ బండి మీద ఎక్కించి తీసుకెళ్లాలి. ఆ బండి విశాఖ నుంచి ఘాట్ ఎక్కి రావాలంటే ఎంతసేపు? కొండల్లో చాలాచోట్ల ఫోను సిగ్నలే అందదు. పైగా రోడ్డు పక్క షెడ్డులో సీవీటీ విప్పే మేస్త్రీ దొరకడు. అరకు, పాడేరు, లంబసింగి వైపు నెలకి నాలుగుసార్లు తిరిగేవాళ్లు ఈ మాట బాగా ఆలోచించుకోవాలి.

ఇక డబ్బు మాట

ఒకే కారులో మాన్యువల్‌కీ ఏఎంటీకీ తేడా సుమారు 50 వేలు. సీవీటీ, డీసీటీలకైతే లక్ష దాకా, ఒక్కోచోట ఇంకాస్త పైన. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నకార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు ఇంజినైతే 1200 సీసీ మించకపోవడం... అదీ షరతు. ఈ ప్రీమియం హ్యాచ్‌బ్యాక్‌ల 1.2 లీటర్ల పెట్రోలు రకాలన్నీ ఆ గీతకి లోపలివే. తగ్గిన ఆ సొమ్ముని ఆటోమేటిక్ తేడాలో సర్దుకోవచ్చన్నది బావగారి లెక్క.

మరమ్మతుల్లో ఏఎంటీ చవక, ఎందుకంటే లోపలున్నది పాత గేర్‌బాక్సే. సీవీటీ నూనెని కంపెనీ చెప్పిన గడువుకి, కంపెనీ చెప్పిన రకంతోనే మార్పించాలి. బద్ధకిస్తే బిల్లు బరువు. డీసీటీ చెడితే ఇంకా బరువు. వారంటీ పొడిగింపుకి కొంత కట్టడం ఇక్కడ దండగ కాదు.

ఇంతకీ తీర్పేమిటి?

అరకు నుంచి దిగొస్తూ బావగారు వేళ్ల మీద లెక్కేశారు. ‘నెలలో ఇరవై రోజులు గాజువాక, ఎన్ఏడీ ట్రాఫిక్. రెండుసార్లు అప్పన్న, ఓసారి భీమిలి. ఏడాదికోసారి అరకు. నాకు లారీల్ని దాటే తొందర లేదు, అరుపుంటే పాట పెట్టుకుంటాను. మోకాలికి మెత్తగా ఉండాలి... అంతే.’ పదిరోజులకి సీవీటీ బుక్ చేశారు. హిల్ హోల్డ్ ఉన్న రకమే కావాలని పట్టుబట్టింది మాత్రం అక్క!

మీ లెక్క వేరు కావచ్చు. డబ్బు దగ్గర గట్టిగా ఉండి, మైలేజీ కావాలనుకుంటే ఏఎంటీ... తల ఊపుడికి వారంలో అలవాటు పడతారు. రోజూ హైవే మీద అనకాపల్లి, విజయనగరం వైపు పరుగులు పెట్టేవాళ్లకి డీసీటీ. ఊళ్లో మెత్తటి ప్రయాణం కావాల్సినవాళ్లకి సీవీటీ. ఏజెన్సీ కొండల్లోనే జీవితమంతా అనుకునేవాళ్లకి, మోకాళ్లు గట్టిగా ఉన్నంతకాలం, మామూలు గేరు బండే మేలు.

ఏదైనా సరే... సంతకం పెట్టేముందు షోరూమ్ వాళ్లని ఒక్క కోరిక కోరండి. సాయంత్రం ఆరింటికి గాజువాక కూడలి, ఏదో ఒక కొండ ఎత్తు మీద ఒకసారి ఆగి కదలడం, అదే కొండ దిగడం. ఈ మూడూ చూపిస్తేనే కొంటామనండి. ఇంట్లో డ్రైవింగ్ వదిలేసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లనీ వెంట తీసుకెళ్లి, ఓ కిలోమీటరు నడపనివ్వండి.